లవ్ యాక్చువల్లీలో ఆ పోర్చుగీస్ అమ్మాయి తర్వాత ఏమైపోయింది?

ప్రశ్న టూకీగా ఇది: "ఈ క్రిస్మస్‌కి ఇంట్లో మళ్లీ లవ్ యాక్చువల్లీ పెట్టుకుని చూశాం. కోలిన్ ఫర్త్ ఇంట్లో పనికి వచ్చే పోర్చుగీస్ అమ్మాయి అసలు సింగర్ అట కదా? అంత హిట్ సినిమా చేశాక మళ్లీ ఎక్కడా కనబడలేదేం? ఛాన్సులు రాలేదా? పాట, నటన రెండు పడవల మీద కాళ్లు పెట్టడం వల్ల కెరీర్ దెబ్బతిందా?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఆవిడ పేరు లూసియా మోనిజ్. ఎక్కడికీ పోలేదు, కెరీర్ ఏమీ దెబ్బతినలేదు. ఆ సినిమాకి ఏడేళ్ల ముందే తన దేశంలో పేరు తెచ్చుకున్న గాయని, సినిమా నాటికే టీవీలో నటించిన మనిషి. సినిమా అయిపోయాక తిరిగి తన పనికి తను వెళ్లిపోయింది. ఆ పని పోర్చుగల్‌లో, పోర్చుగీస్‌లో జరుగుతుంది కాబట్టి మనకి కనబడలేదు, అంతే. మీరు అడిగిన రెండు పడవల సంగతికి వస్తే, ఆమె నిలబడిందే రెండు పడవలు ఉండటం వల్ల అంటాను నేను. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను చాలా ఏళ్లుగా లిస్బన్‌లో ఉంటున్నాను. ఇక్కడి సీరియళ్లకి, డాక్యుమెంటరీలకి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ రాయడం నా బతుకుతెరువు. రోజంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఈ దేశపు నటుల మాటలు వెనక్కి తిప్పి తిప్పి వినడమే పని కాబట్టి, ఎవరి గొంతు ఎలా ఉంటుందో, ఎవరు మాట మింగేస్తారో, ఎవరు స్పష్టంగా పలుకుతారో బాగా తెలుస్తుంది. కింద రాసిన అభిప్రాయాలన్నీ ఆ కుర్చీలోంచి వచ్చినవే అనుకోండి.

మొదట పాట సంగతి. లూసియా 1976లో లిస్బన్‌లో పుట్టింది. తండ్రి కార్లోస్ అల్బెర్తో మోనిజ్, అట్లాంటిక్ మధ్యలో ఉన్న అజోర్స్ దీవుల్లో తెర్సేరా అనే దీవి ఆయనది. గాయకుడు, సంగీత దర్శకుడు. తల్లి మరియా దో అంపారో కూడా గాయనే, ఇద్దరూ జంటగా పాడి రికార్డులు ఇచ్చారు. అంటే పిల్ల పాటలోనే పుట్టి పెరిగిందన్నమాట.

1996లో ఆర్టీపీ, అంటే ఇక్కడి ప్రభుత్వ టీవీ, ఏటా నడిపే పాటల పోటీ ఫెస్టివల్ ద కన్సావ్‌లో గెలిచింది. అందులో గెలిచినవాళ్లే దేశం తరఫున యూరోవిజన్‌కి, అంటే యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే పాటల పోటీకి, వెళ్తారు. ఈ పోటీ అంటే ఇక్కడివాళ్లకి ఉన్న పిచ్చి బయటివాళ్లకి చెప్తే అర్థం కాదు. ఒక్క ముక్క చెప్తాను: 1974లో యూరోవిజన్‌కి వెళ్లిన పాటనే, ఏప్రిల్ 24 రాత్రి రేడియోలో వేసి, సైనికులకి తిరుగుబాటుకి తొలి సిగ్నల్‌గా వాడారు. మర్నాటికల్లా దశాబ్దాల నియంతృత్వం కూలిపోయింది. ఇంత చరిత్ర ఉన్నా యూరోవిజన్ మార్కుల్లో మాత్రం పోర్చుగల్‌కి ఎప్పుడూ నిరాశే. 1964లో మొదటిసారి వెళ్తే వచ్చినవి సున్నా మార్కులు. ఆ తర్వాత మూడు దశాబ్దాల్లో అన్నిటికంటే మంచి ర్యాంకు ఏడు, అదీ రెండేసార్లు, 1972లో, 1980లో.

అలాంటి చోట ఇరవై ఏళ్లయినా నిండని ఈ అమ్మాయి ఓస్లో వెళ్లి, చేతిలో కవకీన్యో పట్టుకుని (చిన్న గిటార్‌లా ఉంటుంది, నాలుగు తీగలు), నవ్వుతూ పాడి, 92 పాయింట్లతో ఆరో స్థానం తెచ్చింది. పాట రాసింది కవి జుజే ఫాన్య, స్వరం పెద్రో ఒజోరియో. జానపదం బాణీలో గబగబా సాగే పాట. ఆ రోజుల్లో ఎవరి దేశపు భాషలో వాళ్లే పాడాలని నియమం ఉండేది, కాబట్టి ఇంగ్లిష్‌లో పాడి ఓట్లు లాగే వీలు లేదు. ఆ ఆరో స్థానమే 21 ఏళ్ల పాటు పోర్చుగల్‌కి అత్యుత్తమ ఫలితం. 2017లో కీవ్‌లో సాల్వదోర్ సోబ్రాల్ ఏకంగా గెలిచేసి, 758 పాయింట్లు తెచ్చేదాకా ఎవరూ దాన్ని దాటలేదు. ఇక్కడ ఒక తరం మొత్తానికి లూసియా మోనిజ్ అంటే ఆ రాత్రే గుర్తొస్తుంది. కోలిన్ ఫర్త్ ఆ తర్వాత.

ఇక ఆల్బమ్‌లు: 1999లో మగ్నోలియా, 2002లో 67, 2005లో మూడోది, 2011లో ఫియు ద లూజ్. తేదీలు చూడండి, పన్నెండేళ్లలో నాలుగే. పూర్తిగా పాట మీదే బతికే పాప్ సింగర్ ఇంత నింపాదిగా ఉండలేదు. ఏడాదికో రెండేళ్లకో ఒకటి వదలాలి, వేసవి వస్తే ఊరూరా జాతరల్లో స్టేజీలెక్కాలి. ఇక్కడ ప్రతి ఊరికీ ఆగస్టులో ఉత్సవం ఉంటుంది, పాప్ గాయకుల సంపాదనలో పెద్ద భాగం అక్కడే. లూసియాకి ఆ ఒత్తిడి లేకపోవడానికి కారణం టీవీ.

టీవీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు కిటుకు ఇక్కడే ఉంది.

పోర్చుగల్ జనాభా కోటి పైచిలుకు. అంత చిన్న మార్కెట్లో సినిమా పరిశ్రమ అనేది దాదాపు ప్రభుత్వ సాయంతో నడిచే వ్యవహారం, ఏడాదికి వచ్చేవి కొద్ది సినిమాలు. నటులకి నెల నెలా అన్నం పెట్టేది టెలినోవెలా. మన డైలీ సీరియలే అనుకోండి, కాకపోతే దానికి ముగింపు ఉంటుంది. ఏడాదో ఏడాదిన్నరో నడిచి కథ అయిపోతుంది. మొదట ఇది బ్రెజిల్ నుంచి వచ్చిన జబ్బు. 1977లో ఆర్టీపీ తొలిసారి ఒక బ్రెజిల్ సీరియల్ వేస్తే దేశం దేశమంతా టీవీల ముందు కూర్చుండిపోయింది. సొంతంగా మొదటిది తీయడానికి 1982 దాకా ఆగారు. తర్వాత 1992లో సిక్, 1993లో టీవీఐ ప్రైవేటు చానళ్లుగా వచ్చాక రాత్రి ఎనిమిది గంటల వార్తలు కాగానే ఒకదాని వెనక ఒకటి సీరియళ్లే. నాణ్యత తీసిపారేయదగ్గదేమీ కాదు. 2010లో టీవీఐ సీరియల్‌కి, 2011లో సిక్ సీరియల్‌కి వరసగా ఇంటర్నేషనల్ ఎమ్మీ (టీవీ కార్యక్రమాలకిచ్చే అంతర్జాతీయ బహుమతి) వచ్చింది.

లూసియా ఈ లోకంలోకి 1998లో ఆర్టీపీ సీరియల్ తెర్ర మాయ్‌తో వచ్చింది. యూరోవిజన్ తర్వాత రెండేళ్లకి, మొదటి ఆల్బమ్‌కి ఒక ఏడాది ముందు. అంటే నటన అనేది పాటలు ఆగిపోయాక వెతుక్కున్న దారి కాదు. మొదటినుంచీ రెండూ పక్కపక్కనే నడిచాయి. 2011లో వచ్చిన మతెర్నిదాద్ (ప్రసూతి ఆసుపత్రి కథ, ఆర్టీపీదే) టైమ్‌లోనే నాలుగో ఆల్బమ్ కూడా వచ్చింది.

ఒక సబ్‌టైటిల్ మనిషిగా నాకు కనబడే తేడా ఇక్కడ చెప్తాను. యూరప్ పోర్చుగీస్‌లో అచ్చులు మింగేస్తారు. బ్రెజిల్ వాళ్లు హాయిగా సాగదీసి పలికే మాటని ఇక్కడివాళ్లు నోట్లోనే నలిపేసి హల్లులు మాత్రం బయటికి వదులుతారు. టెలినోవెలాలో అది ఇంకా ఎక్కువ, ఎందుకంటే రోజుకి బోలెడన్ని సీన్లు తీయాలి, రీటేక్‌లకి టైమ్ ఉండదు, డైలాగు గబగబా అప్పజెప్పేస్తారు. కొందరి డైలాగు అర్థం కావడానికి నేను ఒకే వాక్యం పదిసార్లు వింటాను. పాట నుంచి వచ్చినవాళ్లతో ఈ బాధ తక్కువ. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట మీద బరువు వేయాలో వాళ్లకి అలవాటు. ఏడుస్తూ మాట్లాడే సీన్లో కూడా వాక్యం చివర వినబడుతుంది. డైరెక్టర్లకి ఇది తెలుసు, అందుకే గాయకుల్ని పిలుస్తారు. పోస్టర్ మీద పేరు కోసం మాత్రమే కాదు.

ఇప్పుడు మీ సినిమా. 2003లో రిచర్డ్ కర్టిస్ తీశాడు. లూసియా చేసిన ఆరేలియా పాత్ర ఎంత చిక్కుదో ఒకసారి ఆలోచించండి. ఇంగ్లిష్ సినిమా చూడటానికి వచ్చిన ప్రేక్షకుడికి దాదాపు చివరిదాకా ఆమె మాట ఒక్కటీ అర్థం కాదు, కింద అక్షరాలు చదువుకోవాలి. చదవడానికి పట్టే ఆ ఒకటి రెండు సెకన్లలో నవ్వు జారిపోవచ్చు. కాబట్టి అర్థం తెలియకముందే గొంతులోనే జోకు వినిపించాలి. కాగితాలు ఎగిరి చెరువులో పడే సీన్ మళ్లీ చూడండి. ఆమె కప్పు ఎత్తగానే జేమీ (కోలిన్ ఫర్త్ చేసిన రచయిత పాత్ర) రాతప్రతి గాలికి లేచిపోతుంది, బట్టలు విప్పి నీళ్లలోకి దూకేస్తుంది. దూకాక ఆమె నోట్లోంచి వచ్చేదంతా సణుగుడే. కాపీ కూడా తీసుకోకుండా ఇలా రాసుకునేవాడెవడు అని విసుక్కుంటుంది. సబ్‌టైటిల్ ఆపేసి వినండి, అయినా నవ్వొస్తుంది. నా దగ్గరికి ఈ పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకి నేను ఈ సీన్ మొదట మ్యూట్‌లో, తర్వాత అక్షరాలు లేకుండా, చివర అన్నిటితో చూపిస్తాను. సబ్‌టైటిల్ నటుడికి అడ్డు రాకూడదని చెప్పడానికి దీనికంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

రెస్టారెంట్ సీన్ కూడా అంతే. జేమీ కింద నిలబడి వచ్చీరాని పోర్చుగీస్‌లో పెళ్లి అడుగుతుంటే అందరూ అతన్నే చూస్తారు. మీరు ఈసారి పైన నిలబడ్డ ఆమెని చూడండి. అతను తప్పులు చేస్తుంటే నవ్వదు, ఏడవదు, సాయం చేయదు. పూర్తిగా విని అప్పుడు నోరు విప్పుతుంది. ఎదుటివాడి పాట అయ్యేదాకా ఆగడం స్టేజీ మీద పాడినవాళ్లకి వచ్చే అలవాటు.

ఇంతకీ తమాషా ఏమిటంటే, దాదాపు చివరిదాకా ఒక్క ముక్క ఇంగ్లిష్ మాట్లాడని పాత్ర చేసిన ఈవిడ అప్పటికే ఇంగ్లిష్‌లో పాటలు పాడి రికార్డు చేసింది.

మరి ఆ తర్వాత హాలీవుడ్ ఎందుకు పిలవలేదు? ఇది నా అభిప్రాయంగా తీసుకోండి. ఆ కాలంలో ఇంగ్లిష్ సినిమాల్లో పోర్చుగీస్ ఆడమనిషికి ఉండే పాత్రలు ఎన్ని? ఇళ్లు తుడిచేది, పిల్లల్ని చూసుకునేది. ఫ్రాన్స్‌లో లక్షలమంది పోర్చుగీస్ వలసజీవులున్నారు, అపార్ట్‌మెంట్లకి కాపలా, ఇళ్లల్లో పని చాలాకాలం వాళ్లదే. ఆరేలియా ఆ మూసలోంచి వచ్చిన పాత్రే. లండన్‌లోనో లాస్ ఏంజెలెస్‌లోనో అద్దె కట్టుకుంటూ అలాంటి రెండో పాత్ర, మూడో పాత్ర కోసం ఎదురుచూడటం ఒక దారి. ఇంటికొచ్చి సొంత భాషలో పెద్ద పాత్రలు చేస్తూ ఆల్బమ్ చేసుకోవడం ఇంకో దారి. రెండోది చేసింది. 2005లో వచ్చిన మూడో ఆల్బమ్ పేరుకి అర్థం కూడా "నన్ను ఇంటికి తీసుకెళ్లు" అనే. దాన్నుంచి నేను పెద్ద సిద్ధాంతం లాగను గానీ, చదివినప్పుడల్లా నవ్వొస్తుంది.

మన దగ్గర బాలు గారు పాడారు, నటించారు, డబ్బింగ్ చెప్పారు, 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలుపెట్టి ఏళ్ల తరబడి నడిపారు. ఆయన బాలీవుడ్‌లో స్థిరపడలేదు కాబట్టి కెరీర్ దెబ్బతిందని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా? ఇక్కడివాళ్లకి మీ ప్రశ్న అలాగే వినిపిస్తుంది. ఏమీ అనుకోకండి.

అయితే పాట నుంచి టీవీకి వెళ్లిన ప్రతివాళ్లకీ ఇలా కుదరదు, ఆ మాట కూడా చెప్పాలి. లూసియానా అబ్రేవు ఉంది, 1985లో పుట్టింది. సిక్‌లో వచ్చే ఇడొలుష్ పాటల పోటీతో పేరు తెచ్చుకుని, 2005లో రుయ్ ద్రుమండ్‌తో జంటగా యూరోవిజన్‌కి వెళ్లి సెమీఫైనల్ దాటలేకపోయింది. మరుసటి ఏడాది, అంటే 2006లో, అర్జెంటీనా సీరియల్ ఒకదాన్ని సిక్ ఇక్కడికి తెచ్చి ఫ్లోరిబెల్లా అని తీస్తే అందులో హీరోయిన్. పిల్లలు ఊగిపోయారు. ఆ సీరియల్ పాటల సీడీ, ఆ రంగురంగుల పూల బట్టలు, బొమ్మలు, స్కూలు బ్యాగులు, ఏ షాపుకెళ్లినా ఆమె ముఖమే. డబ్బు, పేరు లూసియా చూసినదానికి ఎన్నో రెట్లు. కానీ పాత్ర సింగర్‌ని మింగేసింది. ఈ రోజుకీ ఆమె ఏం పాడినా ముప్ఫై ఏళ్ల లోపు వాళ్లు ఫ్లోరిబెల్లా అనే పిలుస్తారు. తప్పు ఆమెది కాదు. పాటలు, పాత్ర, చానల్ అన్నీ ఒకే ప్యాకెట్లో వస్తే అదే జరుగుతుంది. లూసియా మోనిజ్ పాటలు ఆమె సీరియళ్ల పాటలు కావు, సీరియల్ ఆగినా పాట ఆగదు, పాట ఆడకపోయినా సీరియల్‌కి నష్టం లేదు. నన్నడిగితే అసలు తేడా ఇదే.

ఈ దారి కొత్తదేమీ కాదు కూడా. సిమోన్ ద ఒలివేరా 1965లో, 1969లో యూరోవిజన్‌కి వెళ్లింది. రెండోసారి పాడిన పాటలో ఆడదాని సుఖం గురించి ఒక లైను ఉందని నియంతృత్వపు రోజుల్లో పెద్ద రభస. ఆ తర్వాత గొంతే పోయింది. రేడియో, పత్రికలు, నాటకాలు, టీవీ ఏది దొరికితే అది చేసి, మందమైన కొత్త గొంతుతో మళ్లీ స్టేజీ ఎక్కి, ఎనభై దాటాక 2022లో వీడ్కోలు కచేరీ ఇచ్చింది. ఒక్క పడవే ఉండి ఉంటే ఆవిడ 1969 దగ్గరే ఆగిపోయేది.

సరే, లూసియా దగ్గరికి వద్దాం. మీరు చూడాల్సింది 2020లో వచ్చిన లిజన్. డైరెక్టర్ ఆనా రోషా ద సౌజా, ఆమె కూడా ఒకప్పుడు టీవీలో నటించిన మనిషే. లండన్‌లో బతుకు వెళ్లదీసే పోర్చుగీస్ జంట, ముగ్గురు పిల్లలు, అందులో మధ్య పాపకి వినబడదు. పాప చెవి మిషన్ పాడవుతుంది, కొత్తది కొనే డబ్బుల్లేవు. పాప ఒంటి మీద మచ్చలు చూసి స్కూలువాళ్లు అనుమానపడతారు, సోషల్ సర్వీసెస్ వచ్చి పిల్లల్ని తీసుకెళ్లిపోతుంది. తర్వాత పిల్లల్ని చూడటానికి తల్లిదండ్రుల్ని ఒక గదిలోకి రానిస్తారు, పక్కన అధికారి ఉంటుంది. తల్లి అలవాటుగా పాపతో చేతులతో మాట్లాడబోతే వద్దంటారు, ఏం చెప్తోందో వాళ్లకి తెలియాలి కదా. అక్కడ లూసియా ఏం చేస్తుందో చూడండి. అరవదు. చేతులు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలా ఉండిపోతాయి. ఆరేలియా కూడా పరాయి భాష మాట్లాడే చోట పనికెళ్లిన మనిషే, ఈ తల్లి బేలా కూడా అంతే. 2003లో ఇంగ్లిష్‌వాడు బయటినుంచి చూసి ముద్దుగా ఉందనుకున్న మనిషిని 2020లో లోపలినుంచి చూపించారు, నటి అదే.

ఆ సినిమాకి వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో రెండు పెద్ద బహుమతులొచ్చాయి: తొలి చిత్రానికిచ్చే లయన్ ఆఫ్ ద ఫ్యూచర్, ఒరిజాంతి విభాగంలో స్పెషల్ జ్యూరీ ప్రైజ్. ఆస్కార్‌కి పోర్చుగల్ తరఫున పంపితే, డైలాగుల్లో ఇంగ్లిష్ ఎక్కువుందని అకాడమీ తిరగ్గొట్టింది. పరాయి భాష మధ్య నలిగిపోయే కుటుంబం కథని భాష లెక్కలు చూపించి పక్కన పెట్టారు, మా సబ్‌టైటిల్ వాళ్ల గుంపులో దీని మీద చాలా రోజులు చర్చ నడిచింది. అదే ఏడాది ఫాతిమా కూడా వచ్చింది, 1917లో ముగ్గురు గొర్రెలకాపరి పిల్లలకి మేరీమాత కనిపించిందన్న ఉదంతం మీద. అందులో లూసియా అనే పిల్లకి తల్లిగా మన లూసియా. కూతురి మాట నమ్మని మొండి తల్లి పాత్ర. హార్వే కైటెల్ లాంటివాళ్లు ఉన్నా నాకు ఆమే గుర్తుండిపోయింది.

ఇంకొకటి, ఆరేలియాని మళ్లీ చూడాలని ఉంటే 2017లో బీబీసీ విరాళాల కార్యక్రమం కోసం కర్టిస్ తీసిన చిన్న కొనసాగింపు ఉంది. జేమీ, ఆరేలియా పిల్లలతో కనిపిస్తారు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే నా సలహా: ముందు 1996 ఓస్లో వీడియో, మూడు నిమిషాలే. తర్వాత లిజన్, కానీ పిల్లలు పడుకున్నాక. టెలినోవెలాల జోలికి వెంటనే వెళ్లకండి, వందల ఎపిసోడ్లు ఉంటాయి, సబ్‌టైటిల్స్ దొరకడమూ కష్టం. ఆల్బమ్‌లలో అయితే ఫియు ద లూజ్ వినండి, భాష రాకపోయినా పర్లేదు. పోర్చుగీస్ నేర్చుకునేవాళ్లెవరైనా ఉంటే సీరియళ్ల కంటే ఈ పాటలతో మొదలుపెట్టడం మేలు, అచ్చులు వినబడతాయి.